రిమ్ము పాతదైనా సరే, రబ్బరు కొత్తది కావాలి

ఈ సంచికకి "మా ఇంట్లో అందరం కలిసి తీసుకున్న ఒక నిర్ణయం" అనే టాపిక్ ఇచ్చారు కదా. మా రూమ్‌లో ఒకమ్మాయి వాళ్ల అక్క పెళ్లి గురించి రాసింది. ఇంకో అమ్మాయి వాళ్లు ఊర్లో ఇల్లు అమ్మిన సంగతి రాసింది. మా ఇంట్లో ఈ సంవత్సరం అన్నిటికన్నా ఎక్కువ రోజులు చర్చ జరిగిన విషయం కారు టైర్లు. సంక్రాంతి సెలవులు మొత్తం అదే గోల. నవ్వుకోండి పర్లేదు, కానీ చివరిదాకా చదవండి. మీ ఇంట్లో బండి ఉంటే, అది స్కూటర్ అయినా సరే, ఇందులో మీకు పనికొచ్చేది ఒకటైనా ఉంటుంది.

ముందు మా పరిస్థితి చెప్తాను. మా నాయన ప్రొద్దుటూరులో ఒక మందుల హోల్‌సేల్ షాపులో పని చేస్తాడు. కూర్చుని చేసే పని కాదు. మెడికల్ షాపుల దగ్గర ఆర్డర్లు తీసుకోవాలి, సరుకు చేర్చాలి, బాకీలు వసూలు చేయాలి. ఒక రోజు జమ్మలమడుగు వైపు, ఒక రోజు ముద్దనూరు మీదుగా పులివెందుల వైపు. కారు మాదే. 2016 మోడల్ ఆల్టో, 2021లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. షాపు వాళ్లు కిలోమీటరుకి ఇంత అని ఇస్తారు. పెట్రోలు, రిపేర్లు, టైర్లు అన్నీ అందులోనే సర్దుకోవాలి. రోజుకి నూరు కిలోమీటర్లు వేసుకుంటే నెలకి 2,500, సంవత్సరానికి 30 వేలు. అంటే మా ఇంట్లో టైరు అనేది బియ్యం లాంటి సరుకు. అయిపోతూ ఉంటుంది, కొంటూ ఉండాలి.

పోయిన సంవత్సరం మే నెలలో ఒక రోజు మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, ముద్దనూరు దాటి పులివెందుల పోయే దారిలో ముందు ఎడమ టైరు పగిలింది. అది 1,100 రూపాయలకి సెకండ్ హ్యాండ్‌లో కొన్న టైరు. నాయన బ్రేకు తొక్కకుండా స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలేసి, మెల్లగా పక్కకి తెచ్చి ఆపినాడు. ఆయనకి ఏమీ కాలేదు. డిక్కీలో స్టెప్నీ ఉంది. గీతలు నిండుగా, చూడ్డానికి కొత్త టైరు మాదిరే ఉంటుంది. జాకీ పెట్టి మార్చి కిందికి దించితే అది నేలకి అతుక్కుపోయింది. గాలి లేదు.

వెనక సీట్లో థర్మాకోల్ పెట్టెలో ఇన్సులిన్ ఉంది. ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. పాల వ్యాన్ ఆయన ఒకాయన ఆపి, చక్రాన్ని ముద్దనూరు తీసుకుపోయి గాలి పట్టించి తెచ్చేసరికి రెండు గంటలు పట్టింది. మా వైపు మే నెల ఎండ సంగతి మీకు తెలుసు. ఐస్ ప్యాకులు నీళ్లయిపోయినాయి. ఆ పెట్టెను నాయన ఏ షాపుకీ ఇవ్వలేదు. వెనక్కి తెచ్చి జరిగింది చెప్పినాడు. ఆ నెల జీతంలో 4,200 పట్టుకున్నారు. 1,100కి కొన్న టైరు చివరికి మాకు 5,300కి పడింది.

ఈ లెక్క మనసులో పెట్టుకుని జనవరికి రండి. ముందు రెండు టైర్లు మళ్లీ అరిగిపోయినాయి. ఎండాకాలం రాకముందే మార్చాలి. వీటికి తోడు జమ్మలమడుగు దగ్గర ఒక గుంతలో పడి ఒక రిమ్ము అంచు వంగింది. నాయన పక్కన పెట్టిన డబ్బు 8,000. ఫిబ్రవరిలో నా ఫీజు కట్టాలి కాబట్టి అంతకు మించి తీయలేనన్నాడు. మళ్లీ సెకండ్ హ్యాండ్ టైర్లే వేయిద్దామన్నాడు. నేను పోయిన మే నెల గుర్తు చేసినాను. దానికి ఆయన ఇచ్చిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"టైరు పగిలేదీ పగలనిదీ దేవునికి తెలుసు పాపా. ఫీజు కట్టే తేదీ మాత్రం నాకు తెలుసు."

దీనికి నా దగ్గర జవాబు లేదు. లాప్‌టాప్ తీసి ఎక్సెల్ షీట్ ఓపెన్ చేసినాను. సీఎస్ఈ వాళ్లకి ఇంతకన్నా ఏం చేతనవుతుంది?

షీట్‌లో మొదటి లైను ఎక్కడ నుంచి వచ్చిందో చెప్పాలి. మా పెద్దమ్మ కొడుకు మాంట్రియల్‌లో ఉంటాడు. పండగ రోజు వీడియో కాల్ చేసినప్పుడు వాళ్ల అపార్ట్‌మెంట్ కింద మంచులో కారు చూపించినాడు. చక్రాలు నల్లగా, మోటుగా ఉన్నాయి. "అన్నా, నీ కారుకి అల్లాయ్స్ ఉండె కదా, ఏమైనాయి?" అని అడిగినాను. అవి గోడౌన్‌లో ఉన్నాయన్నాడు. వాళ్ల క్యుబెక్ రాష్ట్రంలో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా చలికాలం టైర్లు ఉండాలని చట్టం. మామూలు టైరు రబ్బరు చలికి గట్టిపడి రోడ్డును పట్టుకోదు. సుమారు 7 డిగ్రీల కింద కూడా మెత్తగా ఉండే రబ్బరుతో ఆ టైర్లు చేస్తారు. పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు పువ్వు గుర్తు ఉంటుంది. ప్రతిసారీ అదే రిమ్ము నుంచి ఒక టైరు పీకి ఇంకోటి ఎక్కిస్తే కూలి దండగ, టైరు అంచులు కూడా పాడవుతాయి. అందుకని చాలామంది మామూలు ఇనుప రిమ్ములు ఇంకో సెట్టు కొని, చలికాలం టైర్లను వాటి మీదే ఎక్కించి ఉంచుకుంటారట. సీజన్ మారితే చక్రాలకి చక్రాలే మార్చేయడం.

"నేను రిమ్ములు ఎవరో వాడినవి కొన్నా. టైర్లు మాత్రం కొత్తవి. డబ్బు తక్కువున్నప్పుడు ఇనుము దగ్గర మిగిలించుకో, రబ్బరు దగ్గర మిగిలించుకోవద్దు" అన్నాడు.

మాకు మంచు లేదు. ప్రొద్దుటూరులో 7 డిగ్రీలు అంటే ఏసీ కూడా అంతకి పోదు. కానీ వాళ్లకి చలికాలం ఎట్లనో మాకు ఎండాకాలం అట్ల. మార్చి చివరి నుంచి జూన్ వరకు టైరుకి అసలైన పరీక్ష. గాలి ఉష్ణోగ్రత 42, 43 డిగ్రీలు ఉన్న రోజు నల్లటి తారు రోడ్డు అంతకన్నా చాలా ఎక్కువ వేడెక్కుతుంది. మా వైపు ఇంకో రెండు శత్రువులు కూడా ఉన్నాయి. ఒకటి కంపచెట్ల ముళ్లు. రెండోది నాపరాళ్ల లారీల నుంచి, సున్నపురాయి టిప్పర్ల నుంచి రోడ్డు మీద పడే రాతి ముక్కలు. ముల్లు దిగితే ట్యూబ్‌లెస్ టైరులో గాలి మెల్లగా పోతుంది, పంచర్ షాపు దాకా పోవచ్చు. రాతి ముక్క టైరు పక్క గోడను కోస్తే మాత్రం దానికి పంచర్ వేయరు, ఆ టైరు పని అయిపోయినట్టే.

అన్న మాట విని నేను చేసిన మొదటి పని ఫోన్ టార్చ్ వేసుకుని కారు కింద కూర్చుని టైర్ల మీద ఉన్నవన్నీ చదవడం. పదో తరగతి దాకా ఆ కారులోనే స్కూలుకి పోయిన చెల్లెలు "అక్కా, టైరు మీద ఇంత కథ రాసుంటాదా?" అనింది. ఉంటుంది. మాది 145/80 ఆర్12 74టి. 145 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 80 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం, అంటే 116 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. 12 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. 74 అనేది బరువు కోడ్, ఒక్కో టైరు 375 కిలోలు మోయగలదని. టి అంటే గంటకి 190 కిలోమీటర్ల వరకు తట్టుకుంటుందని. మా ఆల్టో ఆ స్పీడుకి పోదు లెండి.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. డాట్ అనే అక్షరాల వరుస చివర ఒక కోడిగుడ్డు ఆకారంలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 3124 అంటే 2024లో 31వ వారంలో తయారైందని. రబ్బరుకి వయసు ఉంటుంది. వేడి, గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ కలిసి దాన్ని గట్టిపరుస్తాయి, బీటలు తెస్తాయి. తిరగకుండా మూల పడున్నా ఆ వయసు పెరుగుతూనే ఉంటుంది. ఒక టైరుపై రెండు గడియారాలు నడుస్తుంటాయన్న మాట. అరుగుదల ఒకటి, వయసు ఒకటి. మనం అరుగుదల ఒక్కటే చూస్తాం.

మా కారు లెక్క ఇట్లా తేలింది. ముందు రెండూ సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి, 2019వి. గీతల మధ్యలో చిన్న దిమ్మలు ఉంటాయి, టీడబ్ల్యూఐ అంటారు. టైరు అరిగి ఆ దిమ్మలతో సమానమైతే గీత లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని అర్థం. కార్లకి మన మోటారు వాహనాల రూల్సు ఒప్పుకునే కనీసం అంతే. ముందు రెండూ ఆ గీటు దగ్గర ఉన్నాయి. వెనక రెండూ 2024వి, కొత్తవిగా కొన్నవి, సగం ఉన్నాయి. ఇక స్టెప్నీ. గీతలు నిండుగా ఉన్న మా "కొత్త" స్టెప్నీ మీద అంకెలు 2216. కారుతో పాటు పుట్టిన టైరు అది. పక్క గోడ మీద వేలితో వంచి చూస్తే సన్నటి బీటలు, ఎండిన చెరువు మాదిరి. పదేళ్లుగా ఎండలో వేడెక్కే డిక్కీలో పడుకుని ముసలిదైపోయింది.

నాయనకి ఆ అంకెలు చూపించినాను. చాలాసేపు చూసి, "దీన్ని నమ్ముకుని ఇన్నేండ్లు తిరిగినానా" అన్నాడు. ఆ రోజు ఇంకేమీ మాట్లాడలేదు.

మధ్యలో ఒక అల్లాయ్ కథ కూడా ఉంది. నాయనకి తెలిసిన ఒకాయన తన కారు అమ్మేస్తూ 13 అంగుళాల అల్లాయ్ చక్రాలు నాలుగు, టైర్లతో సహా 9,000కి ఇస్తానన్నాడు. "సెట్టుకి సెట్టు వచ్చేస్తాది, వంగిన రిమ్ము గొడవ కూడా ఉండదు" అని నాయన ఆశ. ఆ టైర్లు 155/65 ఆర్13 73టి. చక్రం సైజు మారినప్పుడు మొత్తం వ్యాసం మారకుండా చూసుకోవాలి, లేకపోతే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది. పైథాన్‌లో నాలుగు లైన్లు రాసినాను. మా పాత టైరు వ్యాసం 536.8 మిల్లీమీటర్లు, ఇది 531.7. తేడా ఒక శాతం లోపే. స్పీడోమీటర్ సంగతి ఓకే.

మిగతావి ఓకే కాలేదు. బరువు కోడ్ 73, అంటే 365 కిలోలు. ఒక్కో టైరుకి 10 కిలోలు తక్కువ. వెనక సీటు నిండా సెలైన్ అట్టపెట్టెలు పెట్టుకుని తిరిగే కారుకి బరువు పెరగాలి గానీ తగ్గకూడదు. పక్క గోడ ఎత్తు 116 నుంచి 100కి పడిపోతుంది. గుంతలో పడినప్పుడు దెబ్బని మింగేది ఆ గోడే. అది పొట్టిదైతే దెబ్బ రిమ్ముకి తగులుతుంది. ఇనుప రిమ్ము వంగితే సుత్తితో కొట్టి సరిచేసేవాళ్లు ప్రతి ఊర్లో ఉన్నారు. అల్లాయ్ పగుళ్లిస్తే మా దారిలో దానికి వైద్యం లేదు. చివరగా అంకెలు చూస్తే టైర్లు 2018వి. అల్లాయ్ మెరుస్తోంది, రబ్బరు రిటైరైంది. మాంట్రియల్ అన్న చెప్పిన సూత్రానికి సరిగ్గా తలకిందులు: కొత్తగా కనిపించే లోహం, పాత రబ్బరు. నాయన ఫోన్ చేసి వద్దని చెప్పినాడు. అల్లాయ్స్ వేసుకోవద్దని ఎవరికీ చెప్పడం లేదు. 8,000 చేతిలో ఉన్నప్పుడు ఆ డబ్బు ఎక్కడ పెట్టాలి అనేదే ప్రశ్న. కారు మొత్తం నేలను తాకేది నాలుగు అరచేతులంత చోటులో. మందులు, నాయన, మా ఇల్లు, నా ఫీజు అన్నీ ఆ నాలుగు అరచేతుల మీద పోతున్నాయి.

ఇప్పుడు షీట్‌లో అసలు లెక్క. కొత్త టైరు ఒక్కోటి 2,900 చెప్పినారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి అంతకుముందు కన్నా కొంచెం నయం. మా నాయన అనుభవంలో ఈ దారుల్లో కొత్త టైరు 35 వేల కిలోమీటర్లు వస్తుంది. అంటే కిలోమీటరుకి సుమారు 8 పైసలు. సెకండ్ హ్యాండ్ టైరు 1,100, వచ్చేది 10 వేలు. కిలోమీటరుకి 11 పైసలు. కొనేటప్పుడు సెకండ్ హ్యాండ్ చవక, నడిపేటప్పుడు కొత్తది చవక. దానికి ఐస్ ప్యాకుల 4,200 కలపకముందే ఈ మాట.

నాయన షీట్ చూసి తల ఊపినాడు. "లెక్క కరెక్టే పాపా. కానీ ఈ 8 పైసలు నేను రోజూ కట్టేది కాదు కదా. మొత్తం ఒక్కసారే కట్టాల." ఇది మా ఎకనామిక్స్ సబ్జెక్టులో ఏ యూనిట్‌లో వస్తుందో తెలియదు గానీ, డబ్బు తక్కువున్న ప్రతి ఇంట్లో ఉండే సమస్య ఇదే. చవకది కొనడానికి కూడా ముందు డబ్బు కావాలి. అందుకే నాలుగూ కొత్తవి అనే కాలమ్ నేనే కొట్టేసినాను. 11,600 అనేది మా ఇంట్లో లేని డబ్బు.

మిగిలిన దారి ఇది. అరిగిపోయిన ముందు రెండూ తీసేయాలి. 2024 టైర్లు రెండూ వెనక నుంచి ముందుకి తేవాలి. కొత్తవి రెండు కొని వెనక వేయాలి. ఇంకొకటి కొత్తది కొని స్టెప్నీ స్థానంలో పెట్టాలి. మొత్తం మూడు. ముందువి అరిగేనాటికి ఆ స్టెప్నీ కిందికి దిగుతుంది, దానికి జతగా ఒక్కటి కొంటే చాలు. అప్పుడు స్టెప్నీ డిక్కీలో పడుకుని ముసలిదయ్యే పని ఉండదు. వంగిన రిమ్ముకి బదులు పాత సామాన్ల షాపులో ఇనుప రిమ్ము 700. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ కలిపి 800. మొత్తం 10,200. చేతిలో 8,000. తక్కువ 2,200.

నా దగ్గర 2,500 ఉన్నాయి, లాప్‌టాప్‌కి ఎస్ఎస్‌డీ కొందామని దాచుకున్నవి. ఇస్తానంటే నాయన మొహం మారిపోయింది. "బిడ్డ దగ్గర తీసుకుని టైరు ఏసుకోవాల్నా?" అని లేచి బయటికి పోయినాడు. అమ్మ అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. రాత్రి అన్నం పెడుతూ ఒక్క మాట అనింది: "పోయిన మే నెల రెండు గంటలు నీ ఫోన్ కలవలేదు. ఆ రెండు గంటలు నేనెట్లుంటినో ఎవరూ షీటులో రాయలేదు."

మరుసటి రోజు పొద్దున నాయన నా దగ్గరికి వచ్చి, "అప్పుగా అయితే తీసుకుంటా. రాసి పెట్టుకో" అన్నాడు.

షాపుకి ఇద్దరం పోయినాం. షాపు ఆయన ధర నాయనతో మాట్లాడతాడు, ప్రశ్నలు నేను వేస్తాను, జవాబులు మళ్లీ నాయనకే చెప్తాడు. "పాప ఏం చదువుతాంది సార్?" అని కూడా నాయననే అడిగినాడు. ఐఎస్ఐ గుర్తు చూసినాను. తయారీ వారం చూసినాను. మొదట తెచ్చిన మూడింట్లో ఒకటి మిగతా రెండింటికన్నా ఏడాది పాతది, దాన్ని మార్చి ఇవ్వమన్నాను. ఏమీ అనకుండా మార్చినాడు. అడిగితే ఇస్తారు, అడగకపోతే ముందున్నది ఇస్తారు, అంతే. కొన్ని టైర్ల మీద టెంపరేచర్ అని పక్కన ఏ, బీ, సీ గ్రేడులు కూడా ఉంటాయి. వేడిని తట్టుకోవడంలో ఏ మేలు. మా ఎండలకి అది చూడటం మంచిది.

కొత్తవి వెనక వేయమంటే షాపు ఆయన ఆశ్చర్యపోయినాడు. "ఇంజన్ ముందుంది, స్టీరింగ్ ముందుంది, కొత్తవి ముందే కదా వేయాల?" చాలామంది అట్లనే వేయిస్తారు. టైర్ల కంపెనీలు మాత్రం రెండే కొంటే వెనక వేయమని చెప్తాయి. వాన రోడ్డు మీద ముందు చక్రాలు జారితే స్టీరింగ్‌లో తెలుస్తుంది, కాలు తీస్తే కారు దారికి వస్తుంది. వెనక చక్రాలు జారితే కారు గిర్రున తిరుగుతుంది, మామూలు డ్రైవర్ దాన్ని ఆపలేడు. ముందు వేసేవి సగం మిగిలున్న 2024 టైర్లే కాబట్టి ఈ పద్ధతి మాకు కుదిరింది. ముందువి గీటు దగ్గరికి వచ్చుంటే కుదిరేది కాదు.

చివరి వాదన గాలి మీద. ఎండాకాలంలో గాలి తక్కువ పెట్టించాలి, లేకపోతే వేడికి టైరు పగులుతుంది అని మా వీధిలో అందరి నమ్మకం. ఇంటర్ ఫిజిక్స్ గుర్తుందా? ఘనపరిమాణం మారకపోతే పీడనం కెల్విన్ ఉష్ణోగ్రతతో పాటు పెరుగుతుంది. పొద్దున 27 డిగ్రీలప్పుడు, అంటే 300 కెల్విన్, 30 పీఎస్ఐ పెట్టినాం అనుకోండి. దానికి వాతావరణ పీడనం 14.7 కలిపితే 44.7. లోపలి గాలి 57 డిగ్రీలకి, అంటే 330 కెల్విన్‌కి పోతే పది శాతం పెరిగి 49.2. మళ్లీ 14.7 తీసేస్తే మీటర్ మీద కనిపించేది 34.5. ఇంతేనా? ఇంతే. టైరు తయారు చేసేవాళ్లకి ఈ పెరుగుదల తెలుసు, దాన్ని లెక్కేసుకునే చేస్తారు. గాలి తక్కువైతేనే ప్రమాదం. పక్క గోడ ప్రతి చుట్టుకీ ఎక్కువగా వంగి లేస్తుంది, ఆ వంగడంలో లోపల వేడి పుడుతుంది, పొరలు విడిపోతాయి. ఒక ఇనుప తీగను అటూ ఇటూ వంచితే వేడెక్కి తెగుతుంది కదా, అట్లాంటిదే. పైగా పాత రబ్బరైతే ఇంకా త్వరగా.

కాబట్టి డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఏ నంబర్ ఉందో అదే, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు. బరువు వేసుకుని పోయే రోజు దానికి స్టిక్కర్ మీద వేరే నంబర్ ఉంటే అది. మధ్యాహ్నం వేడి మీద ఎక్కువ కనిపించిందని గాలి తీసేయకూడదు. నైట్రోజన్ కావాలా అని అడిగితే మేము వద్దన్నాం. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఆ డబ్బుకి బదులు పదిహేను రోజులకోసారి చూపించుకోవడం మేలు. చూపించినప్పుడు స్టెప్నీ కూడా బయటికి తీసి చూపించాలి. మా నాయన ఇప్పుడు అది మర్చిపోడు.

ఫిబ్రవరి నుంచి నాయన ప్రతి నెలా 5వ తేదీన నాకు ఫోన్‌పేలో 500 పంపిస్తున్నాడు. కింద "టైర్ బాకీ" అని రాస్తాడు. నేను వద్దని చెప్పలేదు. ఎవరి బాకీ అయినా తీర్చేవరకు నిద్రపోని మనిషి, నా బాకీ ఒక్కటి మాఫీ చేయించుకోమంటే చిన్నబోతాడు. ఎస్ఎస్‌డీ కొంచెం ఆలస్యమవుతుంది. నా లాప్‌టాప్ బూట్ అయ్యేలోపు నేను టీ తాగి వస్తాను, అలవాటైపోయింది.

మే నెల వచ్చింది, నాయన పులివెందుల దారిలోనే తిరుగుతున్నాడు. కొత్త టైరు పగలదని ఎవరూ గ్యారంటీ ఇవ్వరు. నాయన చెప్పినట్టు అది దేవునికి తెలుసు. కానీ దేవుడి మీద వేసే భారం 2216 అనే అంకెల్లో రాసి ఉన్నప్పుడు, ముందు దాన్ని మనం చదవాలి కదా.

సెమిస్టర్ సెలవులకి అందరం ఇండ్లకి పోతాం. మీ నాన్నగారి కారో, అన్న బైకో, అమ్మ స్కూటరో, ఏదున్నా ఫోన్ టార్చ్ వేసుకుని టైరు పక్కన ఒక్క నిమిషం కూర్చోండి. గుడ్డు ఆకారంలో నాలుగు అంకెలు వెతకండి. ఒక్కోసారి అవి లోపలి వైపు ఉంటాయి, కొంచెం వంగి చూడాలి. చివరి రెండు అంకెలు చూసి ఎన్నేళ్లయిందో లెక్క కట్టండి. స్టెప్నీ ఉంటే దాన్ని కూడా వదలొద్దు. ఖర్చు లేదు, కోడింగ్ రానక్కర్లేదు. ఆ అంకెలు పాతవైతే ఇంట్లో వాళ్లకి చూపించండి. మిగతా చర్చ దానంతట అదే మొదలవుతుంది.